నాభికి దిగువ అధర్మము, నెత్తిమీద ధర్మమా?

వ్యాయామము జాతికి వెన్నెముక యని పెద్దలు చెప్పిరి, మేమును చెప్పుచున్నాము. గోదా లేని ఊరు, తాలింఖానా లేని పేట, కర్రసాము నేర్వని కుర్రవాడు ఉండరాదని కోరువారిలో మేము వెనుకబడినవారము కాము. కోడి రామమూర్తి జన్మించిన నేలమీద దేహబలమును గూర్చి ఉపన్యసింప బనిలేదు. కాని యేది బలమో, యేది బలముపేరిట జరుగు వినాశమో తెలిసికొను వివేకము మాత్రము మిక్కిలి యవసరము. ఆ వివేకము మన పట్టణములలో నానాటికి సన్నగిల్లుచున్నదని చెప్పుటకు విచారించుచున్నాము.

నేడు ఏ పెద్దవీథిలో చూచినను పోరాటవిద్యల పలకలు వ్రేలాడుచున్నవి. ఒకచోట బాక్సింగు, ఒకచోట కరాటే, ఒకచోట తైక్వాండో, ఒకచోట జూడో. వీని యన్నిటిని కలగలిపి ఇనుపవల చుట్టిన బోనులో నాడు ఎం.ఎం.ఏ. వేరొకచోట. తండ్రి కుమారుని చేయిపట్టుకొని వచ్చి, "అయ్యా, ఇందులో దెబ్బలు తగులునా?" యని యడుగును. "మా విద్యలో భయమేమియు లేదు, ఆ యెదుటివారి విద్యలోనే ప్రమాద" మని ప్రతి వస్తాదును చెప్పును. తండ్రి నమ్మును. రుసుము చెల్లించును. పిల్లవాని తల యెట్టి దెబ్బలకు గురియగునో యడిగినవాడు లేడు, చెప్పినవాడును లేడు.

ఈ విషయమున లోకమున రెండభిప్రాయములు ప్రబలియున్నవి. పోరాటక్రీడలన్నియు నొకటే, అన్నిటను దెబ్బలు తప్పవు, ఎంచుకొనుటకేమున్నదని యొకటి. ఎచట రక్తము కనబడునో అదియే క్రూరము, ఎచట తొడుగులు, నియమములు, గంటలు, న్యాయనిర్ణేతలు ఉందురో అది నాగరికమని రెండవది. ఈ రెండును తప్పే. మొదటిది సోమరితనమువలన పుట్టినది; రెండవది కంటిని నమ్మి బుద్ధిని వదలుటవలన పుట్టినది.

1982వ సంవత్సరమును జ్ఞప్తికి తెచ్చుకొందము. ఆ యేడు జూలైలో రోము నగరమున ప్రపంచ ఫెన్సింగు పోటీలు జరుగుచుండెను. సోవియట్ యూనియను మేటి కత్తివీరుడు వ్లదిమీర్ స్మిర్నోవ్ ముఖముపై కవచము ధరించి పోరాడుచుండగా ప్రత్యర్థి కత్తి విరిగి, ఆ విరిగిన మొన కవచమును చీల్చుకొని కంటిమీదుగా మెదడులో దిగెను. కొలది దినములకు ఆతడు మరణించెను. ఆ యేడే నవంబరులో అమెరికాలోని లాస్ వేగస్ నగరమున కొరియా దేశీయుడైన కిమ్ డుక్ కూ అను ముష్టియోధుడు రే మాన్సినీతో 14వ రౌండువరకు పోరాడి, తలకు తగిలిన దెబ్బలతో కూలి, నాలుగైదు దినములలో కన్నుమూసెను.

ఒకే యేడు, రెండు క్రీడలు, రెండు శవములు. ఏ క్రీడ యేమి నేర్చుకొన్నది? ఫెన్సింగు పెద్దలు కత్తి చేయు ఉక్కునే మార్చిరి. సులభముగా విరుగని మిశ్రలోహము తెచ్చిరి. ముఖకవచమును గట్టిపరచిరి. 800 న్యూటనుల ఒత్తిడికి నిలుచు వస్త్రముతో అంగీలు కుట్టించిరి. నేడు నిజమైన కత్తి చేతబట్టి యాడు ఆ యాట పోరాటక్రీడలలో మిక్కిలి తక్కువ గాయములు కలుగువానిలో నొకటి. ముష్టియుద్ధపు పెద్దలు చేసిన ముఖ్యమైన మార్పు, 15 రౌండ్లను 12కు తగ్గించుట. ఒక సంస్థ వెంటనే తగ్గించెను. తక్కినవి కొన్ని యేండ్లకు తగ్గించెను. లక్ష్యము మాత్రము మారలేదు. తలయే లక్ష్యము. నాడును తలయే, నేడును తలయే.

ఇచట దాగియున్నది అసలు భేదము. కత్తిసాములో ప్రాణాపాయము నియమము తప్పినప్పుడు వచ్చును. ముష్టియుద్ధములో నియమము చక్కగా నెరవేరినప్పుడే వచ్చును. ప్రత్యర్థిని స్పృహతప్పించి పడవైచి, పది లెక్కించులోపల లేవకుండ జేసినవానికి జయధ్వానములు. స్పృహతప్పుట యన నేమి? మెదడు తన పని మానుట. అనగా ఎదుటివాని మెదడును కొంతసేపు పనిచేయకుండ జేయుటకే అచట బహుమానము. ఇతర క్రీడలలో ఇది దురదృష్టము; అచట నిది విజయము.

మెదడు కపాలమునకు అంటుకొని యుండునది కాదు. ద్రవములో తేలు మెత్తని పదార్థము. గడ్డముపై ప్రక్కనుండి పిడికిలి తగిలినప్పుడు తల గిరుక్కున తిరుగును. లోని మెదడు ఆ వేగము నందుకొనలేక వెనుకబడి, మెలిపడును. సన్నని నరముల తంతువులు సాగును, తెగును. మెదడునుండి పైపొరకు పోవు సిరలు చినిగిన, లోపల రక్తము గడ్డకట్టి మెదడును నొక్కి చంపును. 1985లో ఆంగ్లేయ ముష్టియోధుడు ఫ్రాంక్ బ్రూనో దెబ్బను శాస్త్రజ్ఞులు కొలిచిరి. మెత్తచుట్టిన 6 కిలోల కొయ్యసుత్తిని గంటకు 32 కిలోమీటర్ల వేగముతో విసరి కొట్టినట్లుండెనని తేల్చిరి. అట్టి దెబ్బనుండి ఏ తొడుగు కాపాడగలదు?

చేతితొడుగుల మాట వచ్చినది గనుక చెప్పుచున్నాము. 1867లో క్వీన్స్‌బెర్రీ ప్రభువు పేరిట వెలువడిన నియమములు తొడుగులను తెచ్చెను. దీనిని నాగరికత యని పొగడుదురు. వట్టి పిడికిలితో కపాలమును గట్టిగా కొట్టినవాని వ్రేళ్లే విరుగును. అందుచే వాడు జంకును. తొడుగు వేసినవానికి ఆ జంకు లేదు, వందలసార్లు కొట్టగలడు. తొడుగు కాపాడినది కొట్టువాని చేతిని, కొట్టబడువాని మెదడును గాదు. శిరస్త్రాణమును నట్టిదే. 1984నుండి ఒలింపిక్సులో అది నియమము. 2013లో పెద్దవయసు పురుషుల పోటీలలో దానిని తీసివేసిరి. 2016 రియో ఒలింపిక్సులో పురుషులు లేకయే ఆడిరి. ఉంచినను తీసినను వాదములు నిలిచియే యున్నవి. ఏలయన అది చర్మము చీలకుండ కాపాడును గాని లోపల మెదడు మెలిపడకుండ కాపాడజాలదు.

ఇది నేటి మాట కాదు. 1928లోనే అమెరికా వైద్యుడు హారిసన్ మార్ట్‌లండ్ తలదెబ్బలు తిన్న ముష్టియోధుల తడబాటును, మతిమాంద్యమును వర్ణించి వ్రాసెను. 1973లో కోర్సెల్లిస్ అను ఆంగ్ల వైద్యుడు మరణించిన 15గురు ముష్టియోధుల మెదళ్లను పరీక్షించి, వానిలోని వికృతులను లోకమునకు చూపెను. బ్రిటిషు వైద్యసంఘము 1982నుండియు ఈ క్రీడను నిషేధింపవలెనని కోరుచు వచ్చినది. 1983లో ప్రపంచ వైద్యసంఘము నట్లే కోరినది. 2011లో అమెరికా, కెనడా దేశముల శిశువైద్య సంఘములు బాలబాలికలకు బాక్సింగు వలదని కలిసి ప్రకటించెను. స్వీడను 1970లో, నార్వే 1981లో ధనార్జనకై యాడు ముష్టియుద్ధమును నిషేధించెను. కట్టుబాట్లతో తరువాత సడలించిన మాటయు నిజమే. ఇన్ని గొంతులు చెప్పగా మనము వినకుండుట ఏ దేశభక్తి?

ఇక లెక్కల మాట. లెక్కలనిన మోసపోవువారు రెండు తెగలు: లెక్కలను చూడనివారు, లెక్కలను మాత్రమే చూచువారు. 2012 లండను ఒలింపిక్సులో తైక్వాండో యాడిన 100 మందికి సుమారు 39 గాయములు తేలెను. ఆ పోటీలన్నిటిలో నదియే హెచ్చు. 2016 రియోలో ముష్టియుద్ధమునకు 100కు సుమారు 30, తైక్వాండోకు సుమారు 24. కుస్తీ, జూడో, ఫెన్సింగు వీనికి దిగువనే యుండెను. కాని యిందులో తెగిన వ్రేలును ఒకటే, అదిరిన మెదడును ఒకటే. కాలు బెణికినవాడు నెలలో నడచును. మెదడు చెడినవాడు నలుబదియేండ్లకు తన బిడ్డ పేరు మరచును. ఈ రెంటిని ఒకే గడిలో వ్రాయు చిట్టా చిట్టాయే గాని సత్యము కాదు.

దీనికి నిదర్శనము కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయమువారు 2015లో ప్రకటించిన పరిశోధన. పదియేండ్ల పోటీల తరువాత వైద్యులు చేసిన పరీక్షల పత్రములను వారు పోల్చిరి. బోనులో నాడు ఎం.ఎం.ఏ. యోధులలో నూటికి 59మందికి ఏదో యొక గాయము. ముష్టియోధులలో నూటికి 50మందికి. చూచితిరా, బోనుదే క్రూరత్వమని మీరనవచ్చును. కాని స్పృహతప్పినవారెందరు? ఎం.ఎం.ఏ.లో నూటికి 4. ముష్టియుద్ధములో నూటికి 7. నెత్తురు కారిన క్రీడ ఒకటి, మతి పోయిన క్రీడ వేరొకటి. బోనులో ఓడువాడు చేతితో తట్టి, "చాలు" అని చెప్పి లేచి పోవచ్చును; పట్టులు, మెలికలు ఉన్నవి గనుక ప్రతి జయమునకు తలయే మార్గము కాదు. ముష్టియుద్ధములో "చాలు" అన్నవాడు పిరికివాడు. పడినవాడు ఎనిమిది లెక్కించులోపల లేచి, తూలుచు మరల దెబ్బలకు తల యొప్పగించును.

ఇంతమాత్రమున బోనును మేము కీర్తించుచున్నామని తలపవలదు. ఎం.ఎం.ఏ. పోటీలలో సుమారు మూడింట నొకటి తలదెబ్బలవలననే ముగియుచున్నదని 2014లో వెలువడిన కెనడా పరిశోధన చూపెను. అది విషము, ఇది గాఢవిషము. ఈ రెంటి నడుమ తూకము వేయుట వైద్యుని పని, ఎంపిక మన పని కాదు.

తైక్వాండో యనగా పిల్లల ఆటయని కొందరి నమ్మకము. అచ్చట ఛాతీకి తన్నిన రెండు గుణములు, తలకు తన్నిన మూడు గుణములు. గుణమెచ్చట హెచ్చో కాలు అచ్చటికే పోవును. పిల్లవాని దోషము కాదు, నియమము వ్రాసినవాని దోషము.

జూడో సంగతి మరియొక పాఠము. 1882లో కానో జిగోరో స్థాపించిన ఈ విద్యలో పిడికిలి లేదు, తన్ను లేదు. మెత్తని చాపపై పడవైచుటయే. అట్లయ్యును జపాను పాఠశాలలలో 1983నుండి మూడు దశాబ్దములలోపల నూరుమందికి పైబడిన బాలురు మరణించిరి. వారిలో పెక్కండ్రు క్రొత్తగా చేరినవారు. పడుట నేర్వకమునుపే పడవేయబడి, తల వెనుకభాగము నేలకు తగిలినవారు. ఫ్రాన్సులో జూడో నేర్చువారు జపానుకంటె నెక్కువ. అచట ప్రభుత్వ యోగ్యతాపత్రము లేనివాడు జీతమునకు నేర్పరాదు. అట్టి మరణపరంపర అచట లేదు. విద్య యొకటే, చాప యొకటే. భేదము గురువులో నున్నది. జపానువారును కన్నుతెరచి, 2022లో ప్రాథమిక పాఠశాలల బాలుర జాతీయపోటీలను మానివైచిరి.

ఇక మన కుస్తీ. స్వదేశాభిమానము పేరిట ఇంటి తప్పులు కప్పిపుచ్చుట మా వ్రతము కాదు. గోదాలో మెడ విరిగినవారున్నారు. మోకాలు చెడినవారికి లెక్కలేదు. చెవి నలిగి కాలీఫ్లవరువలె ఉబ్బుట పహిల్వానుకు గుర్తే యయినది. ఒకే మట్టిలో దొర్లుటవలన తామర మొదలగు చర్మరోగములు పాకును. వీనికంటె పెద్దది తూకపు పిచ్చి. 1997లో అమెరికాలో ఒక నెల వ్యవధిలో ముగ్గురు కళాశాలా కుస్తీవీరులు బరువు దించుటకై నీరు మాని, చెమటలోడ్చి మరణించిరి. అంతట అచటి కళాశాలా క్రీడాసంస్థ రబ్బరుదుస్తులను, ఆవిరిగదులను నిషేధించి, దేహములో నీరు తగినంత యున్నదో లేదో పరీక్షించి తూచు పద్ధతి పెట్టెను. 2024లో ప్యారిసునందు మన వినేశ్ ఫోగట్ 100 గ్రాముల హెచ్చుబరువుచే అంతిమపోటీనుండి తొలగింపబడినప్పుడు దేశమంతయు ఏడ్చినది. పతకము పోయెనని ఏడ్చినవారే గాని, రాత్రియంతయు ఆ దేహము పడిన యాతనకై ఏడ్చినవారెందరు?

అయినను కుస్తీలో జయమనగా భుజములు నేలకు ఆనుట. స్పృహతోనే ఓడవచ్చును, స్పృహతోనే గెలువవచ్చును. 1910లో లండనులో గామా పహిల్వాను జిబిస్కోతో రెండున్నర గంటలు పెనగులాడెను, జయాపజయములు తేలలేదు. 1928లో పటియాలాలో అదే జిబిస్కోను నిమిషములోపల పడవైచెను. పౌరుషమునకు ఇంతకంటె నిదర్శనమేమి? ఇద్దరిలో నొకని మతియైన పోవలసివచ్చెనా? కుస్తీ గాయములు మంచి గురువుచేత, శుభ్రమైన గోదాచేత, తూకపు నియమముచేత తగ్గించదగినవి. ముష్టియుద్ధపు గాయము క్రీడాలక్ష్యమే గనుక తగ్గించదగినది కాదు. ఈ యొక్క భేదమును గ్రహించినవానికి తక్కినదంతయు తేటపడును.

కొందరు మాపై విరుచుకుపడుదురని యెరుగుదుము. "చెడుగుడులోను కాళ్లు విరుగును, బాటమీద నడచినను చావు వచ్చును" అందురు. అయ్యా, బాటమీద చచ్చినవానిని చూచి మనము చప్పట్లు కొట్టుటలేదు. "బీదపిల్లలకు పిడికిలియే బ్రతుకుతెరువు" అని మరికొందరందురు. బీదవానికి మెదడు తక్కువ విలువ గలదా? ధనవంతుల పుత్రులు టెన్నిసు ఆడి, బీదల పుత్రులు తలదెబ్బలు తిని, ధనవంతులు టిక్కెట్టు కొని చూచుట న్యాయమా? "నిఖత్ జరీన్ మాట యేమి?" అని ఇంకొకరు. 2022లో, 2023లో రెండుమారులు ప్రపంచవిజేతయైన మా నిజామాబాదు బిడ్డ మాకు గర్వకారణము. ఆమె యాడునది మూడు రౌండ్ల పోటీ. ధనమునకై యాడునది 12 రౌండ్లది. దెబ్బలు తక్కువైన హాని తక్కువయని క్రీడాపాలకులే యొప్పుకొన్నట్లు గదా! ఆమెయందు గౌరవ మున్నందుననే, ఆమెను చూచి తొడుగులు వేసికొను పదేండ్ల బాలికల తలలకై మేము వాదించుచున్నాము.

ఇది దూరదేశపు కథ యని నిద్రపోవలదు. 2022 జూలైలో బెంగుళూరున జరిగిన కిక్‌బాక్సింగు పోటీలో ఒక యువకుడు దెబ్బతగిలి కూలి, మరల లేవలేదు. తగిన వైద్యసహాయము లేకపోయెనని కుటుంబము ఆక్రోశించెను. 2025 ఆగస్టులో, వైద్యులు, నియమములు, అన్నియు నున్న టోక్యో నగరమున, ఒకే రాత్రి ఒకే భవనమున వేర్వేరు పోటీలలో పోరాడిన ఇద్దరు ముష్టియోధులు మెదడులో రక్తము గడ్డకట్టి కొలది దినములలో మరణించిరి. అన్నియు నున్నచోటనే ఇట్లయిన, ఏమియు లేనిచోట నెట్లుండును?

కాబట్టి మేము కోరునది స్పష్టముగా చెప్పుచున్నాము. పదునారేండ్లు నిండని బాలబాలికలకు తలపై దెబ్బ లక్ష్యముగా గల యే క్రీడయు పాఠశాలలలోగాని, తాలింఖానాలలోగాని నేర్పరాదు. కాలుసేతులు ఆడించు అభ్యాసము, సంచిపై గ్రుద్దుట నేర్పవచ్చును. వైద్యుడు, అంబులెన్సు గోదాప్రక్క లేనిదే ఏ పోటీయు జరుగరాదు. తల అదిరినవాడు వైద్యుని యనుమతి లేనిదే మరల దిగరాదు. పడుట నేర్పకముందు పడవేయుట నేర్పు గురువును గురువనరాదు. యోగ్యతాపత్రము లేనివాడు పలక కట్టరాదు. తూకమునకు ముందు నీరు మానిపించువాడు నేరస్థుడని ఎంచవలెను. ప్రతి వ్యాయామశాలయు గాయముల పుస్తకమొకటి ఉంచి, అడిగిన తల్లిదండ్రులకు చూపవలెను. వీనిలో వేనికిని పెద్ద ధనము అక్కరలేదు, సిగ్గు అక్కర.

పాఠకులారా, గదాయుద్ధమున నాభికి దిగువ కొట్టరాదని నియమము. సుయోధనుని తొడ విరిచిన భీమునిపై బలరాముడు నాగలి యెత్తినది అందులకే. నేటి ముష్టియుద్ధములోను నడుమునకు దిగువ కొట్టుట దోషము. కొట్టినవాని గుణములు తగ్గింతురు. నాభికి దిగువ అధర్మమట. ఆలోచనకు, మాటకు, జ్ఞాపకమునకు, ధర్మాధర్మవిచక్షణకు నిలయమైన తలపై మాత్రము ధర్మమట! ఏ శాస్త్రము చెప్పిన ధర్మమిది? జాతికి కండలు కావలెను, నిశ్చయము. కాని ఆ కండలను నడుపు తలలు ముందుగా కావలెను. మీ ఊరి తాలింఖానాకు రేపే పొండు. గాయముల పుస్తకము చూపుమని యడుగుడు. పుస్తకము లేదన్నచోట మీ బిడ్డను విడిచిరాకుడు.